మూతలతో పేర్చిన గోడ: వస్తువుల గురించి చేసే కళ ఎక్కడ అలంకారంగా మారిపోతోంది?

నీలిరేఖ
ఏడాదిన్నర పాటు మా ఇంట్లోనూ, తెలిసినవారి ఇళ్లలోనూ ఖాళీ అయిన సీసాల మూతలను పారేయకుండా పోగుచేశాను. మొత్తం 1,140 మూతలు అయ్యాయి. వాటిని కడిగి, ఆరబెట్టి, ముదురు నీలం నుంచి తెలుపు దాకా రంగుల వరుసలో అమర్చి, పెద్ద చెక్క పలక మీద చిన్న చిన్న కొయ్య మేకులకు తొడిగాను. మనం ఎంత కొంటున్నామో, కొన్నదాన్ని ఎంత త్వరగా వదిలేస్తున్నామో చూసేవారి కళ్లకు కట్టాలన్నది నా ఉద్దేశం. పలువురు కళాకారుల ఉమ్మడి ప్రదర్శనలో అది మూడు వారాలు ఉంది.

వచ్చినవారిలో ఎక్కువమంది దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. రంగులు ఎంతో అందంగా కుదిరాయని మెచ్చుకున్నారు. ఒకావిడ తమ పిల్లల గదికి ఇలాంటిదే చేసిపెడతారా అని ఆప్యాయంగా అడిగారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు గాని, ఇంటికి వచ్చాక మనసంతా దిగులుగా అయిపోయింది. నేను ప్రశ్నించాలనుకున్న ఆకర్షణనే నా చేతులతో మళ్లీ తయారుచేశానా అనిపిస్తోంది. ఫ్యాక్టరీ వస్తువులతో పనిచేసేవారు, అలాంటి పనులను శ్రద్ధగా చూసేవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. వస్తువు మీద చేసిన కళ ఆ వస్తువుకే ప్రకటనగా మారకుండా ఉండాలంటే ఏం చేయాలి?

సూదిమొన
రంగుల వరుసే మీ పనిని పక్కదారి పట్టించింది. ఆ రంగులను ఎంచుకున్నది మీరు కాదు. దూరం నుంచి కన్ను లాగడానికి ఆ కంపెనీలే ఎంతో ఆలోచించి ఎంచుకున్నాయి. వాటిని ఇంకా చక్కగా సర్దిపెడితే వాళ్లు మొదలుపెట్టిన పనిని మీరు పూర్తిచేసినట్టే అవుతుంది.

రెండోచూపు
సూదిమొన గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. అందం లేకపోతే ఎవరూ ఆగి చూడరు. ప్లాస్టిక్ ముక్కలను రంగుల వరుసలో పరచడం కూడా కొత్త సంగతి కాదు. బ్రిటిష్ శిల్పి టోనీ క్రాగ్ 1978లోనే దొరికిన ప్లాస్టిక్ ముక్కలను ఏరి, న్యూటన్ చెప్పిన వర్ణపటం క్రమంలో నేల మీద పరిచాడు. అయితే అవి విరిగిన, అరిగిన, గీతలు పడిన ముక్కలు. అవి ఎవరో వాడి పారేసినవన్న సంగతి చూడగానే తెలిసిపోతుంది. మీరు మూతలను కడిగి ఆరబెట్టానన్నారు. ఆ కడగడంలోనే వాటి గతం కూడా పోయిందేమో ఆలోచించండి.

నీలిరేఖ
కడగకపోతే చీమలు పడతాయని కడిగాను. కానీ మీరన్నది నిజమే. పలక మీదికి ఎక్కేసరికి అవి అప్పుడే పెట్టెలోంచి తీసిన కొత్త మూతల్లా మెరిశాయి.

కాగితపుపడవ
నా అభ్యంతరం వేరే. కొనడం తప్పు, పారేయడం పాపం అని చెప్పడానికే చేసే కళను చూసి నేను విసిగిపోయాను. చూడడానికి వచ్చిన మనిషికి ఆ సంగతి ముందే తెలుసు. తెలిసినదాన్నే గోడకెక్కించి చూపిస్తే తల ఊపి వెళ్లిపోతాడు, లేదా ఫొటో దిగుతాడు. మీ ప్రేక్షకులు ఫొటో దిగారంటే, మీ పని వారిని ఏమీ అడగలేదనే నాకు అర్థమవుతోంది.

పాతగాజు
కాగితపుపడవ గారు మరీ కటువుగా అన్నారు గాని, ఆ మాటలో విషయం ఉంది. అమెరికా చిత్రకారుడు ఆండీ వార్‌హోల్ 1962లో లాస్ ఏంజెలెస్‌లో చూపించిన క్యాంప్‌బెల్ కంపెనీ సూపు డబ్బాల చిత్రాలనే తీసుకోండి. అవి 32 చిత్రాలు, ఎందుకంటే అప్పట్లో ఆ కంపెనీ అమ్ముతున్న రుచులు 32. వాటిని దుకాణంలో సరుకు పేర్చినట్టు గోడ వెంబడి సన్నని అర మీద నిలబెట్టారు. అందులో ఖండన లేదు, పొగడ్త కూడా లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే డబ్బా అడుగున వరుసగా ఉండే చిన్న పువ్వు గుర్తులు అన్నీ ఒక్కలా లేవని కనిపిస్తుంది, ఎందుకంటే వాటిని ఒక్కొక్కటిగా చేత్తో ముద్ర వేశాడు. యంత్రం చేసినట్టు కనిపించేదాన్ని ఒక మనిషి కూర్చుని చేశాడన్న సంగతి అక్కడ బయటపడుతుంది. నాకు ఆ చిత్రాల్లో నచ్చేది ఆ తేడాయే.

సూదిమొన
అదే మనిషి 1964లో చేసిన, గిన్నెలు తోమే బ్రిల్లో పీచు పెట్టెల సంగతి కూడా చెప్పాలి కదా. ఫ్యాక్టరీ పెట్టె అట్టతో చేసింది, వార్‌హోల్ పెట్టె ప్లైవుడ్‌తో చేసి సిల్క్‌స్క్రీన్‌తో, అంటే సన్నని తెర గుండా రంగు దింపే పద్ధతిలో, అచ్చు వేసింది. ఆ అసలు అట్టపెట్టెను రూపొందించింది జేమ్స్ హార్వే. ఆయన స్వయంగా చిత్రకారుడు, బతుకుతెరువు కోసం ప్యాకేజీల రూపకల్పన చేసేవాడు. పేరు మాత్రం వార్‌హోల్‌కు వచ్చింది. వస్తువు వెనక ఉన్న మనిషిని కళ కూడా మింగేయగలదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆ పెట్టె మీది అక్షరాల ఒంపు, ఎరుపు నీలాల పొందిక, అన్నీ హార్వే చేతి పని.

మౌనముద్ర
చర్చంతా అమెరికా చుట్టూనే తిరుగుతోంది. బ్రెజిల్‌లో సైనిక నియంతృత్వం నడుస్తున్న రోజుల్లో, 1970లో, అక్కడి కళాకారుడు సీల్డో మేయిరెలెస్ చేసిన పనిని ఇక్కడ తలచుకోవాలి. ఆయన ఖాళీ కోకాకోలా సీసాలు తీసుకుని, వాటి మీద తెల్లని అక్షరాలతో రాజకీయ సందేశాలు అచ్చు వేసి, మళ్లీ ఫ్యాక్టరీకి తిరిగి వెళ్లే సీసాల్లో కలిపేశాడు. సీసా ఖాళీగా ఉన్నప్పుడు ఆ అక్షరాలు దాదాపు కనిపించవు. ఫ్యాక్టరీ దాన్ని నల్లని పానీయంతో నింపగానే అక్షరాలు తేలి కనిపిస్తాయి. అంటే ఆ మాటను చదవగలిగేలా చేసింది ఆ కంపెనీ యంత్రమే. ఆయన వస్తువును గోడకెక్కించలేదు, అది రోజూ తిరిగే దారిలోనే వదిలాడు. నీలిరేఖ గారు అడిగిన ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇదే అతి గట్టి జవాబు.

రెండోచూపు
మౌనముద్ర గారూ, ఆ పని గొప్పదే, కాదనను. కానీ అది సీసాలు వాపసు తీసుకునే పద్ధతి ఉన్నందువల్ల కుదిరింది. ఒక్కసారి వాడి పారేసే మూత ఏ దారిలో తిరిగి వెళుతుంది? నీలిరేఖ గారి వస్తువుకు తిరుగు ప్రయాణం లేదు. ఆ సంగతి నుంచే ఆవిడ పని మొదలుకావాలి.

కాగితపుపడవ
నా అనుభవం ఒకటి చెబుతాను. మూడేళ్ల కిందట, నేను ఏడాది పొడవునా కొన్నవాటి బిల్లు రసీదులన్నింటినీ తేదీల వారీగా పొడవైన కాగితం చుట్ట మీద అంటించాను. నా ఖర్చుల చరిత్ర ఒకే పట్టీగా పరచుకోవాలన్నది ఆలోచన. చుట్టను కిటికీ పక్క గోడకు వేలాడదీశాను. ఎనిమిది నెలలకు అక్షరాలు ఎగిరిపోవడం మొదలైంది. అది థర్మల్ కాగితం, సిరాతో కాకుండా వేడితో అచ్చు పడేది కాబట్టి వెలుతురుకూ వేడికీ మాసిపోతుంది. జిగురు తగిలిన చోట ఇంకా త్వరగా పోయింది. మొదట్లో ఏడుపొచ్చినంత పనైంది. తరువాత గమనిస్తే, నేను కొన్నవి మాయమై, నేను అంటించిన జిగురు మరకలు మాత్రమే గోధుమ రంగులో మిగిలాయి. ఇప్పుడు ఆ చుట్ట ముందు జనం చాలాసేపు నిలబడుతున్నారు. నేను చెప్పాలనుకున్న మాట పోయి, ఆ కాగితం తన గుణం తాను చూపించుకున్నాక ఆ పనికి ప్రాణం వచ్చింది.

గోడగడియారం
కాగితపుపడవ గారి రసీదుల మాట వింటే సేకరణల భద్రత చూసేవారికి గుండె దడ పుడుతుంది. నేను ఆ పనిలోనే ఉన్నాను. మనుషులు ప్లాస్టిక్ శాశ్వతమని అనుకుంటారు. పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసిన పాత బొమ్మలు కొన్నేళ్లకు జిగటగా అవుతాయి, ఎందుకంటే మెత్తదనం కోసం కలిపిన పదార్థం మెల్లగా పైకి ఊరుతుంది. దిండ్లలో వాడే పాలీయురెథేన్ నురుగు పొడిపొడిగా రాలిపోతుంది. పాలీప్రొపిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ ఎండ తగిలితే పెళుసుగా మారి పైన సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. చెత్తకుప్పలో తరాలపాటు మిగిలే పదార్థమే ప్రదర్శనశాలలో మాత్రం పదేళ్లకే రూపు మారిపోవచ్చు. నీలిరేఖ గారు పలకను కిటికీకి ఎదురుగా పెట్టవద్దని నా మనవి.

పాతగాజు
నిలవడం గురించి మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ ద్యూషాం 1917లో న్యూయార్క్ ప్రదర్శనకు ఆర్. మట్ అనే పేరుతో పంపిన మూత్రపాత్రను నిర్వాహకులు జనానికి చూపించలేదు. అసలు వస్తువు తరువాత పోయింది. ఫొటోగ్రాఫర్ స్టీగ్లిట్స్ తీసిన ఫొటో మిగిలింది. ఈ రోజు పెద్ద మ్యూజియాల్లో కనిపించేవి ఎక్కువగా 1964లో ద్యూషాం అనుమతితో ఆ ఫొటో ఆధారంగా ప్రత్యేకంగా చేయించిన ప్రతులు. అంటే ఫ్యాక్టరీలో వేలకొద్దీ తయారైన ఒక మామూలు సరుకును, నలభై ఏడేళ్ల తరువాత పనివాళ్లు ఫొటో చూసి శిల్పంలా కొలిచి చేయాల్సి వచ్చింది.

మౌనముద్ర
పారేయడాన్నే పనిగా చేసినవాడు బ్రిటిష్ కళాకారుడు మైకేల్ లాండీ. 2001లో లండన్‌లోని ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఖాళీ అయిన దుకాణంలో, తన సొంత వస్తువులన్నింటినీ, మొత్తం 7,227, ఒక్కొక్కటిగా జాబితా రాసి, కన్వేయర్ బెల్టు మీద తిప్పుతూ రెండు వారాల్లో ముక్కలు చేయించాడు. కారు, పాస్‌పోర్టు, ఉత్తరాలు, తండ్రి కోటు, ఏదీ మినహాయించలేదు. దానికి పూర్తి ఎదురుగా చైనా కళాకారుడు సాంగ్ డాంగ్ ఉన్నాడు. తల్లి దశాబ్దాలుగా పారేయకుండా దాచుకున్న, భర్త పోయిన దుఃఖంలో అసలే వదల్లేకపోయిన పదివేలకు పైగా వస్తువులను, సబ్బు ముక్కలతో సహా, ఆమెతో కలిసి సర్ది 2005లో బీజింగ్‌లో ప్రదర్శించాడు. ఆ రెండు పనుల్లోనూ వస్తువు ఎవరిదో మనకు తెలుసు. నీలిరేఖ గారి పలక మీద ఉన్న 1,140 మూతలు ఎవరివి?

నీలిరేఖ
ఈ ప్రశ్న రాత్రంతా నన్ను వదల్లేదు. అవి ఎవరి ఇంటివో నాకు కొంతవరకు తెలుసు, కానీ పలక మీద ఆ సంగతి ఎక్కడా లేదు. పక్కన పేర్ల పట్టీ పెడితే సరిపోతుందా?

సూదిమొన
పట్టీ పెడితే జనం పట్టీనే చదువుతారు, మూతను చూడరు.

అచ్చుమర
నేను కళాకారుణ్ణి కాను. ఇంజెక్షన్ మౌల్డింగ్ యంత్రాల మీద, అంటే కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి ఎక్కించే యంత్రాల మీద, పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం మూతలు తీసే యంత్రాల మీదే. ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. మూత ఎవరిదని అడిగినప్పుడు అందరూ కొన్నవారి గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రాయాలనిపించింది.

ఒక మూతను తీసుకుని వెల్లకిలా తిప్పండి. లోపల, నడిమధ్యకు కొంచెం పక్కగా, చిన్న అంకె ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. భూతద్దం ఉంటే మంచిది. అది కావిటీ సంఖ్య, అంటే మౌల్డ్ అనే అచ్చులోని గుంట సంఖ్య. మౌల్డ్‌లో ఒకేలాంటి గుంటలు 16, 24, 32, 48 ఇలా ఉంటాయి. కొన్నింటిలో ఇంకా ఎక్కువ ఉంటాయి. కరిగిన ప్లాస్టిక్ అన్ని గుంటల్లోకీ ఒకేసారి వెళుతుంది, చల్లబడగానే మౌల్డ్ తెరుచుకుని మూతలన్నీ కలిసి రాలుతాయి. ప్రతి గుంటకూ ఒక అంకె చెక్కి ఉంటుంది. ఎక్కడో ఒక సీసా కారిందని ఫిర్యాదు వస్తే, మూత తిప్పి అంకె చూసి, ఏ గుంటలో లోపం ఉందో పట్టుకుంటాం. ఇక మూత పైభాగం మధ్యలో సూదిమొనంత చుక్క ఉంటే అది గేటు గుర్తు, అంటే ప్లాస్టిక్ లోపలికి వచ్చిన చోటు. ఆ చుక్క లేకపోతే ఆ మూతను నొక్కి చేసే మరో పద్ధతిలో చేసి ఉండవచ్చు.

ఒకే అంకె ఉన్న, ఒకే రకం మూతలు మీ దగ్గర రెండు ఉంటే, అవి బహుశా ఒకే గుంటలో పుట్టిన తోబుట్టువులు. నేను రోజూ చూసేది ఆ అంకెలనే. మా యంత్రం దగ్గర నిలబడేవాళ్లకు మూత రంగు గుర్తుండదు, ఏ నంబరు ఆ వారం ఇబ్బంది పెట్టిందో గుర్తుంటుంది. మీ పలక మీద మూతలన్నీ బయటివైపే చూపిస్తున్నాయి. మేము చూసే వైపు కొయ్య మేకు మీద బోర్లా పడి ఉంది.

రెండోచూపు
అచ్చుమర గారి పోస్టు రెండుసార్లు చదివాను. తరువాత లేచి వెళ్లి ఇంట్లో ఉన్న మూతలన్నీ తిప్పి చూశాను. ఒకదాని లోపల 9, ఇంకొకదాని లోపల 31. ఇన్నేళ్లుగా రోజూ చేత్తో తిప్పుతున్న వస్తువు ఇది.

కాగితపుపడవ
ఆ అంకె రీసైక్లింగ్ గుర్తు కాదా? త్రికోణంలో ఉండేది.

అచ్చుమర
కాదు. బాణాల త్రికోణం లోపల ఉండే 1 నుంచి 7 వరకు అంకె ప్లాస్టిక్ రకాన్ని చెబుతుంది. 2 అంటే హెచ్‌డీపీఈ అనే గట్టి రకం పాలీఇథిలీన్, 5 అంటే పాలీప్రొపిలీన్, మూతలు ఎక్కువగా ఈ రెండింటితోనే వస్తాయి. కావిటీ అంకెకు త్రికోణం ఉండదు. పెద్ద ప్లాస్టిక్ తొట్టెలు, బుట్టల అడుగున గడియారంలా 12 అంకెలు, మధ్యలో బాణం, దాని పక్కన సంవత్సరం కనిపిస్తే అది తయారైన నెలను తెలిపే గుర్తు. అచ్చు పోసిన వస్తువు మీద మేము రాసేది చాలానే ఉంటుంది, కొన్నవారు చదవడానికి మాత్రం కాదు.

మౌనముద్ర
నీలిరేఖ గారూ, మీ పనికి కావలసింది దొరికింది. రంగుల వరుస తీసేయండి.

గోడగడియారం
తిప్పి పెట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఇప్పుడు కొయ్య మేకు మీద తొడిగినట్టు కుదరదు కాబట్టి జిగురు వాడాలని తోస్తుంది. పాలీప్రొపిలీన్, పాలీఇథిలీన్ మీద మామూలు జిగురు నిలవదు, కొన్ని నెలలకే ఊడిపోతుంది. అంచును మూడు వైపులా సన్నని మేకులతో పట్టి ఉంచితే మూతకు హాని ఉండదు, కావాలంటే ఎప్పుడైనా తీసుకోవచ్చు. ఘనా శిల్పి ఎల్ అనట్సుయ్ మద్యం సీసాల మూతలను చదును చేసి రాగి తీగతో ఒకదానికొకటి కుట్టి, గోడంత వస్త్రాలు చేస్తాడు. అందులో జిగురు ఉండదు కాబట్టే వాటిని ప్రతి ప్రదర్శనలోనూ కొత్తగా మడతలు వేసి వేలాడదీయగలుగుతారు.

సూదిమొన
నేను మొదట రంగులను తప్పుపట్టాను, కానీ మూతను తిప్పి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. అచ్చుమర గారికి ధన్యవాదాలు. హార్వే గురించి అంత ఆవేశంగా రాసిన నేను కూడా మూత చేసినవారిని తలచుకోలేదు.

నీలిరేఖ
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. పలకను పూర్తిగా విప్పేశాను. మూతలన్నింటినీ తిప్పి, ముందు రకాల వారీగా, తరువాత అంకెల వారీగా నేల మీద పరిచాను. నూట ఎనభై ఆరింటిలో అంకె అరిగిపోయి గాని, అసలు లేక గాని చదవడానికి వీలుకాలేదు. మిగిలినవి తమంతట తామే జట్లు కట్టాయి. ఒక రకం నీలి మూతల్లో 4వ నంబరువి పదకొండు ఉన్నాయి. అవి నాలుగు వేర్వేరు ఇళ్ల నుంచి, వేర్వేరు నెలల్లో వచ్చినవి. పదకొండింటి లోపలా, మూత బిగించే మర అంచు దగ్గర ఒకేచోట వెంట్రుకంత గీత ఉంది. వేలిగోరుతో తడిమితే తగులుతుంది. ఆ పదకొండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఏడాదిన్నరలో మొదటిసారి వాటిని నిజంగా చూశాననిపించింది.

ఇంకో సంగతి అచ్చుమర గారిని అడగాలి. ఒకే రకం తెల్ల మూతలు 212 ఉన్నాయి. అంకెలు 1 నుంచి 24 దాకా వచ్చాయి, ఒక్కో అంకెవి ఏడెనిమిది నుంచి పన్నెండు దాకా ఉన్నాయి. 17 మాత్రం ఒక్కటి కూడా లేదు. రెండుసార్లు వెతికాను. నేను పోగుచేసిన తీరులో ఏదైనా లోపమా?

అచ్చుమర
మీ లోపం కాదనుకుంటాను. 212లో ఒక అంకె పూర్తిగా తప్పిపోవడం యాదృచ్ఛికంగా జరగడం కష్టం. ఒక గుంట పాడైతే, మౌల్డ్ దింపి బాగుచేయడానికి రోజులు పడుతుంది, అంతసేపు యంత్రాన్ని ఆపరు. ఆ ఒక్క గుంటకు ప్లాస్టిక్ వెళ్లే దారి మూసేసి, మిగిలిన 23తో నడిపిస్తారు. నేను అలా నెలల తరబడి నడిపిన మౌల్డ్‌లు ఉన్నాయి. మీ దగ్గరికి వచ్చిన మూతలు అలాంటి కాలంలో తీసినవి అయి ఉండవచ్చు. మేమైతే అలాంటప్పుడు షిఫ్టు పుస్తకంలో ఆ నంబరు మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీస్తాం, తరువాతి షిఫ్టులో వచ్చేవాళ్లు అది చూసి ఆ గుంట కోసం వెతక్కుండా ఉంటారు.

రెండోచూపు
నీలిరేఖ గారూ, దయచేసి 17 స్థానాన్ని జరిపి మూసేయకండి.

నీలిరేఖ
మూయను. 16కూ 18కీ మధ్య మూడు మేకులు కొట్టి, వాటి నడుమ ఏమీ పెట్టకుండా వదిలేశాను. అచ్చుమర గారు అనుమతిస్తే ఆ ఖాళీకి అడ్డంగా ఒక ఎర్ర గీత గీస్తాను.

అచ్చుమర
తప్పకుండా గీయండి. స్కేలు పెట్టకండి, మేము చేత్తోనే గీస్తాం.